పల్లవి ఎవరిది?

మా ఆయన పాటలు రాస్తాడు, మా తమ్ముడు బాణీలు కడతాడు. నిజానికి రాసేవాడు, కట్టేవాడు అనాలి. జనమంతా నెత్తిన పెట్టుకున్న ఆ ఒక్క పాట తర్వాత, ఒకే ఇంట్లో ఉంటూ కూడా, ఇద్దరూ కలిసి కూర్చున్న పాపాన పోలేదు. కారణం అడిగితే ఒకడికి పనుంటుంది, ఇంకొకడికి తలనొప్పి. వాళ్ళను మళ్ళీ ఒకచోట చూడాలని నాకెంత ఆశో ఇద్దరికీ పట్టదు.

మొన్న ఆ పాట ఎలా పుట్టిందో చెప్పమంటూ రేడియో నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టి, పల్లవి ముందు ఎవరికి తట్టిందని అడిగింది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది నాది కాదమ్మా. మావాడు బాణీ వినిపించేటప్పుడు చోటు నింపడానికి ఏవో ఉత్తుత్తి మాటలు వేసి పాడతాడు. అవి తీసేసి నేను అసలు మాటలు రాయాలి. ఆ పల్లవి మాత్రం తియ్యబుద్ధి కాలేదు. పేరు నేను కొట్టేశాను."

తమ్ముడు నోరెళ్లబెట్టాడు. "అదేంటి బావా, అది నీ గది వైపు నుంచి వినబడితేనే కదా నేను పట్టుకున్నాను. మాటలూ బాణీ నీవేనని ఇన్నాళ్ళూ నీ మొహం చూడలేకపోయాను."

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఎందుకు తిరిగారో అప్పుడర్థమైంది. మిగతాదే అర్థం కాలేదు. మా ఆయన తన గదిలో ఎన్నడూ పాడలేదని ఒట్టేశాడు. రెండు గదుల మధ్యా ఉన్నది ఈ హాలు, హాల్లో నా కుట్టుమిషను. ఇద్దరూ నావైపు తిరిగారు. మిషను తొక్కుతూ కూనిరాగాలు తీసేదాన్ని, నిజమే. కానీ తీసేవన్నీ వాళ్ళ దగ్గర విన్నవే. ఇది ఏ గదిలో విన్నానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆ అమ్మాయి మైకు ఆపేసి మంచినీళ్ళడిగింది.

తేల్చుకుందామన్నాడు తమ్ముడు. ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి తలుపులేసుకున్నారు. నేను అప్పటిలాగే మిషను దగ్గర కూర్చుని దిండు గలీబు కుట్టసాగాను. హార్మోనియం మొదలైంది. కాసేపటికి ఒక పల్లవి వినబడింది. పాతది కాదు, ఎన్నడూ విననిది. హార్మోనియం ఆగి, రెండు తలుపులూ తెరుచుకున్నాయి.

తను కాదన్నాడు మా ఆయన. తనూ కాదన్నాడు తమ్ముడు. నా కాలు ఇంకా మిషను మీదే ఉంది. నేనేనా అంటే ఏమో, చెప్పలేను. అమ్మాయినడిగితే, మిషను చప్పుడులో ఎటునుంచి వచ్చిందో తెలియలేదంది.

"ఎవరిదైతే ఏంటి, మర్చిపోకముందే కూర్చోండి," అన్నాను.

మా ఆయన కాగితాలు తెచ్చుకుని తమ్ముడి గదిలోకి వెళ్ళాడు. నాకు ఏడుపొచ్చింది. గలీబు మూడు వైపులకు బదులు నాలుగు వైపులా కుట్టేశాను.