ఎలుక వెయ్యని ముడి

రామేశ్వరమ్మ నెత్తిన చీర బుట్ట చూసినప్పుడల్లా స్వరూపకు కడుపు భగ్గున మండేది. చౌడమ్మ జాతరనాడు గద్వాలలోని ఆ నేతగాళ్ల వీధి వీధంతా బయటికొచ్చి, అమ్మవారికి చీర నేసినవాడి భార్య పాదాల మీద నీళ్లు పోస్తుంది. ముందు డప్పులు, వెనక జనం, నడుమ నెత్తిన బుట్టతో ఆవిడ. ఎన్నేళ్లుగానో ఆ ఆవిడ రామేశ్వరమ్మే, ఎందుకంటే చీర నేసేది ఆమె మొగుడు రాజమౌళి. మరి ఆ నేతలో సగం చెమట ఎవరిది? స్వరూప మొగుడు మహేశ్వర్‌ది! నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చుని అడ్డదారం పరిచే నాడెలు అందించుకోవాలి. ఆ రెండోవాడు మహేశ్వర్. కిందటేటి జాతర ఫోటో వీధిలో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అందులో మహేశ్వర్‌ది మోచెయ్యి ఒక్కటే పడింది. స్వరూప దాన్ని పెద్దది చేసి చేసి చూసింది. ఎంత పెద్దది చేసినా మోచెయ్యి మోచెయ్యే.

ఆమె పెబ్బేరు పిల్ల. తండ్రి దశరథం సంతలో ఎద్దుల బేరగాడు, ఎవడి ముందూ తగ్గని మనిషి. ఆ ఇంట పెరిగినదానికి పక్కన నిలబడటం ఎలా చేతనవుతుంది? మహేశ్వర్‌కేమో పక్కన కూర్చోవడమే హాయి. చిన్నప్పుడే రాజమౌళి దగ్గర పనికి చేరాడు, పెద్దయ్య ఎంత చెబితే అంత. ఇంట్లో బియ్యం సంచి మూతి కట్టినా పెద్దయ్య నేర్పిన ముడే వేస్తాడు. ఒకవైపు లాగితే ఊడొస్తుంది, రెండోవైపు లాగితే బిగుస్తుంది. స్వరూప చెయ్యి ఎప్పుడూ రెండోవైపుకే పోయేది. ఆనక కత్తెర వెతుక్కుంటూ మొగుణ్నీ ముడినీ కలిపి తిట్టేది.

ఈ ఏడు వానలకు రాజమౌళి మగ్గం కొట్టం గోడ కూలింది. ఆయన తిన్నగా మహేశ్వర్ ఇంటికి వచ్చాడు.

"మీ ఇల్లు నా ఇల్లు కాదారా? అమ్మోరి మగ్గం ఈడ్నే ఏసుకుందం" అన్నాడు.

మహేశ్వర్ పొంగిపోయాడు. రాజమౌళి దీక్ష కంకణం కట్టుకుని మగ్గం ఎక్కాడు. ఆయన వెనకే రామేశ్వరమ్మ కూడా దిగింది. "బిడ్డా స్వరూపా, గా గిన్నె జర మల్ల కడుగు. అమ్మోరి పని నడుస్తుంది గద" అనేది. ఎవరి గిన్నె? ఎవరి వంటిల్లు? స్వరూప పళ్లు కొరుక్కుంటూ కడిగేది.

ఒకరోజు కూరగాయలు తరుగుతూ ఆవిడే అంది. "నడుమల పడుగు తెగిందంటే అమ్మోరు చెయ్యి మార్చుమన్నట్టు బిడ్డా. అప్పుడు పక్కన కూసున్నోడే కంకణం కట్టుకోవాలె. మా ఆయనకు గట్లనే వచ్చింది."

స్వరూప చేతిలో వంకాయ ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే మొగుడికి అన్నం వడ్డిస్తూ కదిపింది.

"ఇగో, గా పడుగు తెగితే నేసేది నువ్వే గద?"

"తెగుతదేంది? నిలువు దారాలు మేమే సరిచూసుకున్నం."

"గంజి పెట్టిన దారం. ఎలుకలకు పండుగ."

మహేశ్వర్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నీకు పిచ్చి లేసిందా? ఆయన నాకు నాయిన లెక్క."

"నాయినైతే ఇన్నేండ్లు పక్కకు కూసోబెడ్తడా? మా నాయిన నన్ను మొగోనికిచ్చిన అనుకుండు. మోచెయ్యికిచ్చిండు."

ఆ మాట మహేశ్వర్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. స్వరూప అక్కడితో వదిలిందా? లేదు. కంచం పెడితే ఠంగున పెట్టేది, పిలిస్తే పలికేది కాదు. పలికితే "పో, మీ పెద్దయ్యను అడుగు" అనేది. చివరికి మహేశ్వరే వచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటవో చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, రామేశ్వరమ్మ ఇంట్లో లేని వేళ, రాజమౌళి బావి దగ్గరికి స్నానానికి పోయాడు. స్వరూప వాకిట్లో బియ్యం చెరుగుతూ కాపలా కూర్చుంది. లోపల దారాలు తెగుతున్న సడి వినబడింది. మహేశ్వర్ బయటికొచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. "అయిపాయె" అని, చెప్పులైనా వేసుకోకుండా బజారు దారి పట్టాడు.

రాజమౌళి తడి పంచెతో తిరిగొచ్చాడు. స్వరూప వంటింటి తలుపు సందులోంచి చూస్తోంది. ఆయన మగ్గం ముందు ఆగాడు, వంగాడు, తెగిన కొనలు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చూసింది స్వరూప, అయ్యో రామా! తెగిన దారాలు చెల్లాచెదురుగా లేవు. కుచ్చులు కుచ్చులుగా చేర్చి, ఒక్కో కుచ్చుకూ ముడి వేసి ఉన్నాయి. తెగిన పోగు వెనక్కి జారి చిక్కుపడకుండా వెంటనే ముడి వేయాలని పెద్దయ్య చిన్నప్పుడు వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. కోసిన చెయ్యి అలవాటుకొద్దీ ముడి కూడా వేసేసింది. ఎలుక ఎక్కడైనా ముడి వేస్తుందా?

రాజమౌళి ఆ ముడిని బొటనవేలితో నిమిరాడు. ఆ తరవాత ఒక్కొక్క ముడే ఊడదీశాడు. బ్లేడుతో కోసిన కొనలు నున్నగా ఉన్నాయి. దీక్షలో ఉన్న ఆ ముసలాయన వాటిని నోట్లో పెట్టుకుని, పళ్లతో కొరికి పీచు చేశాడు. కళ్లు తుడుచుకుని గట్టిగా పిలిచాడు.

"స్వరూపా! జర ఇటు రా. ఎలుక కొట్టింది బిడ్డా పడుగును."

వీధి పెద్ద కురుమూర్తి వచ్చాడు, నలుగురూ చేరారు. రాజమౌళి తన కంకణం విప్పి, అప్పుడే బజారు నుంచి వచ్చిన మహేశ్వర్ చేతికి కట్టాడు. "అమ్మోరు చెయ్యి మార్చుమన్నది. ఇగ మా మహేశే నేస్తడు" అన్నాడు.

కోరుకున్నది దొరికింది కదా, స్వరూప సంబరపడాలి. పడలేకపోయింది. బ్లేడు పట్టించడానికి తను అన్నాళ్లు పోరాడాల్సి వచ్చింది, ముడి వేయించడానికి పెద్దయ్య అక్కడ ఉండనక్కర కూడా లేదు! మొగుడు సగం కూడా తనవాడు కాలేదని ఆమెకు ఏడుపొచ్చింది.

మరుసటి ఉదయం మహేశ్వర్ తెగిన పోగులు అతకడానికి కూర్చున్నాడు. కొనకు కాస్త ఇవతల ప్రతి పోగూ వంకర తిరిగి ఉంది. ముడి పడి విడిన దారానికి ఆ వంకర పోదు. అతని వేళ్లు ఆగాయి.

"నేను ముడేసిన. గిప్పుడు యాదికొస్తుంది. ఎవరిప్పిండ్రు?"

నిజం చెబితే చీర పోతుంది, బుట్ట పోతుంది. "నేనే" అంది స్వరూప. "ఎవలన్న చూస్తరని నేనే ఇప్పిన."

మహేశ్వర్ లేచి వంటింట్లోంచి బియ్యం సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇది ఇప్పు."

స్వరూప నవ్వబోయింది, నవ్వు రాలేదు. కొస పట్టుకుని లాగింది. ముడి బిగిసింది. కంగారుగా ఇంకా లాగింది, ఇంకా బిగిసింది.

"పెద్దయ్యకు ఎరికె" అన్నాడు మహేశ్వర్ వాకిలి వైపు నడుస్తూ. "ఎరికుండే కంకణం కట్టిండు."

"యాడికి పోతున్నవు? నీకు దండం పెడ్త, నా పరువు తీయకు!"

అతను ఆగలేదు, పెద్దయ్య దగ్గరికి పోయాడు. చాలాసేపటికి రాజమౌళిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. అక్కడ ఏమేం మాట్లాడుకున్నారో స్వరూపకు ఎవరూ చెప్పలేదు. అడిగే ముఖం ఆమెకూ లేదు. రాజమౌళి మగ్గం దగ్గరికి పోయి, ఇన్నేళ్లూ మహేశ్వర్ కూర్చున్న చోట కూర్చున్నాడు.

"నాడె అందుకో. కట్టినంక ఇప్పనీకె లేదు. నేసినంక ఏడువు" అన్నాడు.

జాతరనాడు బుట్ట స్వరూప నెత్తికెక్కింది. డప్పులు మోగాయి. మొదటి చెంబు రామేశ్వరమ్మే పోసింది. "సల్లగుండు బిడ్డా" అని పాదాలు తడిమి మరీ పసుపు రాసింది. ఆవిడకు తెలుసో తెలియదో కళ్లలోకి చూసి కనుక్కునే ధైర్యం స్వరూపకు లేకపోయింది. పాదాల మీద పడ్డ నీళ్లు కాల్చినట్టయింది.

ఫోటో మళ్లీ అందరి ఫోన్లలోనూ తిరిగింది. నట్టనడుమ స్వరూప, పట్టుచీర, నెత్తిన బుట్ట. పక్కన మొగుడు, ఈసారి నిండుగా పడ్డాడు. ఫోటో అంచున ఎవరిదో ముడతలు పడ్డ మోచెయ్యి. స్వరూప వేళ్లతో పెద్దది చేసి చూసింది. మహేశ్వర్ అమ్మవారి చీరను చూడటం లేదు, పెళ్లాన్ని చూడటం లేదు. ఆ మోచెయ్యి వైపే చూస్తున్నాడు.

వంటింట్లో బియ్యం సంచి మూతి తెరుచుకునే ఉంది. కంకణం కట్టుకున్న నాటి నుంచి అతను ఇంట్లో దేనికీ ముడి వేయడం మానేశాడు. స్వరూప ఫోన్ బోర్లించి పెట్టింది. కడుపు మళ్లీ భగ్గుమంది.