కొవ్వు తిన్న ఈస్టు

"కంట్రోల్ ప్లేటు చూడాలా? మన ఈస్టు మీద మనకే అనుమానమా అమ్మా?" అన్నారు మా సారు. అక్కడ పట్టింది శని!

సంగతేంటంటే, బయోటిన్ అని ఓ విటమిను. దాన్ని ప్రోటీన్లకి బొత్తాంలా కుట్టే ఎంజైమొకటుంది. అది చెడిపోతే ఈస్టు కొవ్వు తయారుచేసుకోలేదు, ఛస్తుంది. అలా చెడిన ఈస్టులోకి మంచి ఈస్టు డీఎన్‌ఏని ముక్కలు ముక్కలుగా ఎక్కించడం మా సీనియర్ అక్క పని. ఏ ముక్క పడ్డాక బతికితే ఆ ముక్కలోనే ఆ ఎంజైము జీను. దొరికితే అక్కకి డాక్టరేటు. లేదంటే ల్యాబులోనే జుట్టు నెరుస్తుంది పాపం.

ఎక్కించిన మొదటి ముక్కకే ఈస్టు బతికింది! సారు ఆగుతారా? డైరెక్టరుగారికి ఫోను, హాలు బుకింగు, అన్నీ అయిపోయాయి.

"సార్, ఏ ముక్కా ఎక్కించని ఈస్టుతో కంట్రోల్ ప్లేటు కూడా పెట్టాను. అది చావాలి కదా, రేపు తెలుస్తుంది," అంది అక్క.

"అనుమానప్పక్షివి! ఇలాగైతే పైకొచ్చినట్టే."

మర్నాడు హాల్లో సారు అరగంట దంచేశారు. పక్క ల్యాబు మేడమ్ (చాటుగా మేం 'సూది' అంటాం) చెయ్యెత్తింది.

"బ్రహ్మాండం సార్. మరి ముక్క లేనిది చచ్చిందా?"

"చావక? పట్రామ్మా!"

అక్క తెచ్చింది. చావడమా! కలుపు మొక్కల్లా ప్లేటంతా అల్లుకుపోయి ఉంది.

సూది దాన్ని వెలుతురుకి పట్టింది. "మబ్బుగా ఉందే? ఇందులో కొవ్వుంది సార్. తేరగా తిండి పెడితే ఎందుకు ఛస్తుంది, అల్లుడిలా కూర్చుంటుంది."

హాలంతా గొల్లుమంది. డైరెక్టరుగారు అడిగారు, "ఈస్టుకి తిండిగా వేసిన ఈ మీడియం కలిపిందెవరు?"

సారు అక్క వైపు చూశారు. ఈ కాలం పిల్లలు అంటూ మొదలెట్టబోయారు కూడా.

"మీరే సార్," అంది అక్క. "ఫొటో తీస్తున్నారని మీరే కలిపారు. చెడిన ఈస్టుని రోజూ బతికించడానికి కొవ్వు కలిపి ఉంచే సీసా పట్టుకుపోయారు."

అబ్బ, సారు మొహం చూడాలి!

అక్క కొవ్వు లేకుండా అంతా మళ్లీ చేసింది. ముక్క లేనిది చచ్చింది. సారు చాటిన ముక్క ఎక్కిన ఈస్టూ చచ్చింది. ఇంకో ముక్క ఎక్కిన ఈస్టు మాత్రం, ఒకే ఒక్కటి, నిక్షేపంగా బతికింది.

సారు పరిగెత్తుకొచ్చారు. "నే చెప్పలా! డైరెక్టరుగారికి..."

"ఆగండి సార్. ఈ ముక్కని పక్క ల్యాబు మేడమ్‌కిచ్చాను, తనూ చేసి చూస్తుంది."

"ఆ సూదికా!"

"ఆవిడ చేతిలోనూ బతికితే నా డాక్టరేటుకి ఇక ఎవరూ వంక పెట్టలేరు సార్," అని గ్లౌజులు తొడుక్కుంది అక్క.