గొళ్లెం ఎటువైపు

సర్వే చేసే అమ్మాయి నెల రోజులుగా ఆసుపత్రి వరండాలో పెద్దవాళ్లందరినీ ఒకే మాట అడుగుతోంది: ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బాధపెడుతున్నారా? ముప్పై తొమ్మిది మందిని అడిగితే ముప్పై తొమ్మిది మందీ "లేదమ్మా" అన్నారు. అనక ఏం చేస్తారు, కొడుకో కోడలో పక్కనే అంటిపెట్టుకుని కూర్చుంటే! ఒంటరిగా మాట్లాడాలని ఫారం మీద పెద్ద అక్షరాలతోనే ఉంది. బయటికి వెళ్లమంటే మాత్రం ఒక్కరూ కదలరు.

"నా గదిలోకి తీసుకురా," అంది వినికిడి పరీక్షలు చేసే టెక్నీషియన్. ఇరవయ్యేళ్ల సర్వీసు, నోరు కాస్త ఎక్కువ. ఆవిడ గదిలో శబ్దం బయటికి పోని అద్దాల బూత్ ఉంది. "పరీక్షప్పుడు గదిలోకి చుట్టాలు రాకూడదు. మెషిన్ రూలంటే ఎవరూ ఎదురు మాట్లాడరు."

ఆ మధ్యాహ్నమే ఓ ముసలావిడను చెల్లెలి కొడుకు తీసుకొచ్చాడు. ఆవిణ్ణి ఏమడిగినా అతనే చెప్పాడు.

"మా పెద్దమ్మకి బొత్తిగా వినపడదండీ. ఒంటరిగా ఉండలేదని రాసిచ్చేయండి చాలు. సోమవారం వృద్ధుల హోంలో చేర్చేస్తా. ఆవిడ ఇంట్లో ఇక నేనొక్కణ్ణే ఉంటా."

అతన్ని బయట కూర్చోబెట్టి, పెద్దావిణ్ణి బూత్‌లోకి పంపింది టెక్నీషియన్. శబ్దం వినపడితే బటన్ నొక్కాలి, నొక్కితే ఇవతల దీపం వెలుగుతుంది. వెలిగింది. శబ్దం తగ్గించింది, వెలిగింది. ఉందా లేదా అన్నంత సన్నగా పెట్టినా వెలిగింది.

"అమ్మా, మీ చెవులు నావాటికంటే బాగున్నాయి!" అంది మైకులో.

"వాడు వింటున్నాడా?"

"లేదమ్మా."

"అయితే సరే. చెవిటిదాన్నని వాడనుకుంటే నాకు హాయి. తిట్టి తిట్టి వాడి గొంతే పోతుంది."

పక్కనే ఉన్న సర్వే అమ్మాయి ఆత్రంగా ఫారం తీసింది. "మిమ్మల్ని ఎవరైనా వేధిస్తున్నారా?"

"వేధింపులేంటమ్మా! వాడు నా చెల్లెలి కొడుకు."

నలభయ్యోది కూడా పోయిందని ఆ పిల్ల మొహం వాడిపోయింది. టెక్నీషియన్ మైకు లాక్కుంది.

"అది సరేగానీ, నిన్న పొద్దున్న ఏం చేశారమ్మా?"

"కిటికీలోంచి వీధి చూశా."

"అలా వీధిలోకి వెళ్లి రాకపోయారా?"

"భలేదానివే! నా గది గొళ్లెం బయటివైపు కదా."

టెక్నీషియన్‌కు ఒళ్లు మండింది. బయటికెళ్లి అతన్ని ఉతికి ఆరేద్దామని లేచింది. సర్వే అమ్మాయి చెయ్యి పట్టి ఆపింది. ముందు పెద్దావిణ్ణి అడగాలి, ఆవిడ ఏమంటే అదే.

"అమ్మా, వృద్ధుల సంరక్షణ అధికారికి ఫోన్ చేయమంటారా? వద్దంటే చెయ్యం."

పెద్దావిడ బటన్ చేతిలోకి తీసుకుంది. మూడుసార్లు వరసగా దీపం వెలిగింది.

అధికారి వచ్చేదాకా "ఇంకో పరీక్ష ఉంది బాబూ" అంటూ అతన్ని గంటసేపు బయటే కూర్చోబెట్టారు. చివరికి ఇచ్చిన కాగితం మీద వినికిడి చాలా బాగుందని రాసి ఉంది. అధికారి మాటతో ఆ సోమవారం పెట్టె సర్దుకుని ఆ ఇల్లు వదిలి వెళ్లింది అతనే.

నెల తిరక్కుండానే పెద్దావిడ ఒక్కర్తే బస్సెక్కి వచ్చింది. సర్వే అమ్మాయి కొత్త ఫారం చూపించింది. అందులో మొదటి ప్రశ్న: మీ గది గొళ్లెం ఎటువైపు ఉంది? దానికి ఇప్పటికే ఆరుగురు జవాబు చెప్పలేక ఆగిపోయారు. ఆ ఆరుగురితో మళ్లీ, తీరిగ్గా, బూత్‌లో మాట్లాడారు.

"నన్నడగవేం?" అంది పెద్దావిడ.

"చెప్పండమ్మా, ఎటువైపు?"

"లోపలివైపు. వడ్రంగి బిగించి వెళ్లాక పదిసార్లు వేసుకున్నా, పదిసార్లు తీసుకున్నా."