కొరికిపట్టిన గుడ్డ

శుక్రవారం మధ్యాహ్నం కోదండరాం మాస్టారి కింది దవడపన్ను పోయింది. అది ఆనాటి నొప్పి కాదు. భార్య సీతాలక్ష్మి మంచాన పడ్డ రోజుల్లోనే పుచ్చింది. అప్పుడు తన పంటి సంగతి ఎవరికి పట్టింది? ఆమె పోయి రెండు నెలలైంది. చెంప వాచి, అన్నం నమలలేక, చివరికి తానుండే వాషర్‌మెన్‌పేట్‌లోనే ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

డాక్టరు పన్ను పీకి, గుంటమీద దూది పెట్టి, గట్టిగా కొరికిపట్టమన్నాడు. అక్కడ నెత్తురు గడ్డకడితేనే పుండు మానుతుందని, ఒక రోజంతా పుక్కిలించవద్దని, ఉమ్మవద్దని, వేడిగా ఏదీ తాగవద్దని చెప్పాడు. మాటలు కూడా తగ్గించమన్నాడు.

ఆ చివరి మాట మాస్టారికి మాత్రకన్నా హాయినిచ్చింది. మర్నాడు సీతాలక్ష్మి చెల్లెలు పొన్నమ్మ ఎన్నూరు నుంచి రాబోతోంది. ఆమెకు పిల్లలు లేరు. మాస్టారి ఐదేళ్ల కూతురు మంగళను తనతో పంపమని అడిగి నెల దాటింది; ఆయన ఇంకా ఏదీ తేల్చలేదు. సోమవారం బడులు తెరుస్తారు. పిల్లను ఎక్కడ చేర్చాలో ఈలోగా తేలాలి.

శనివారం తెల్లవారగానే, నిద్రమత్తులో, అలవాటుకొద్దీ వేడి ఉప్పునీళ్లతో పుక్కిలించాడు. నోట్లో ఏ బాధొచ్చినా సీతాలక్ష్మి ఇచ్చేది అదే. నీళ్లు ఎర్రగా పడేదాకా తప్పు తెలియలేదు.

పొన్నమ్మ వచ్చేసరికి ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె కంగారుపడలేదు. ఉతికిన పంచె అంచు చింపి, మడిచి, చన్నీళ్లలో తడిపి, పుండుమీద పెట్టి కొరకమంది. పడుకోనివ్వక, వీపుకు రెండు దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. చెంపకు తడిగుడ్డ వేసింది. గంజి కాచి చల్లార్చింది. మంగళ గిన్నెమీద ఊదుతూ కూర్చుంది. అది ఎప్పుడో చల్లబడిందని ఎవరూ చెప్పలేదు.

"పిల్లోళ్లను నోరు మూయమనే అయ్యోరు ఈ పొద్దు తానే మూసుకోనుండాడు," అంది పొన్నమ్మ.

మంగళ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది. తానూ నవ్వబోతే మాస్టారికి దవడ లాగింది.

పదకొండింటికల్లా నెత్తురు ఆగింది. గంజి తాగి మాత్ర వేసుకున్నాక పోటూ తగ్గింది. అయినా ఆయన కొత్తగుడ్డ మడిచి మళ్లీ కొరికిపట్టాడు.

మూడింటికి పొన్నమ్మ మంగళ గౌన్లు రెండు మడిచి ఒడిలో పెట్టుకుని ఎదుట కూర్చుంది. సాయంత్రం బండికి పిల్లతో వెళ్లాలా, ఒంటరిగానా అని నెమ్మదిగా అడిగింది. ఆయన నోట్లోని గుడ్డ చూపించాడు. ఆమె చేయి చాపి దాన్ని తీసుకుని చూసింది. తెల్లగా ఉంది.

"నెత్తురు ఎప్పుడో నిలిచిపోయింది బావా," అంది. "పిల్లను ఈడ నువ్వు సాకలేవని నేననలా. ఆడ నాది ఒట్టి ఇల్లు, అందుకే అడిగినా. వద్దనుకుంటే వద్దని చెప్పు. నాకేం కోపం లేదు."

మాస్టారు నోరు తెరిచాడు. నొప్పి ఓర్చుకోగలిగినంతే ఉంది. మంగళ వాకిట్లో గంజిగిన్నె కడుగుతోంది. పంపనంటే పొన్నమ్మ ముఖం చూడాలి. పంపుతానంటే, రేపటినుంచి ఆ గిన్నె తనే కడుక్కోవాలి. ఆయన నోరు మూసుకున్నాడు.

ఐదింటి బండికి పొన్నమ్మ ఒంటరిగా వెళ్లింది. సోమవారానికి ఇంకా ఒక రోజుంది. మంగళను ఏ బడిలోనూ చేర్చలేదు. పొన్నమ్మకు జవాబూ చెప్పలేదు.