గరుకు గొట్టం

బావ వేసిన లెక్కను తప్పుపట్టాలంటే మా నీటి సరఫరా ఆఫీసులో ఎవరికైనా గుండె ధైర్యం కావాలి. నాకది కాస్త ఎక్కువే, పైగా మరదల్ని.

ఊరి గొట్టాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ కుళాయికి నీళ్లు చేరేసరికి అందులో ఎంత క్లోరిన్ మిగులుతుందో చెప్పే లెక్క ఆయనది. అక్కావాళ్ల వీధి ఆ గొట్టాలకు చిట్టచివర ఉంది. "అక్కడికీ క్లోరిన్ బాగానే వస్తోంది, కాచుకోనక్కర్లేదు" అని బావ ఒక్క మాట అన్నాడు. వీధి వీధంతా నీళ్లు కాచుకోవడం మానేసింది. ఆయనింట్లోనూ డబ్బాపాలు తాగే నెలల పిల్ల ఉంది.

ఆ వీధిలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయని పొద్దున అక్క ఫోన్లో మాటవరసకు అంది. అప్పట్నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. లేచాను, కూర్చున్నాను, టీ తెచ్చుకుని తాగడం మర్చిపోయాను. ఆఖరికి బావ లెక్క తెరిచి, ఆ వీధికి వెళ్లే గొట్టాలు ఒక్కొక్కటే చూశాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను.

"బావా, ఇది నిరుడు వేసిన గొట్టమే కదా? లోపల ఇంత గరుకుందని పెట్టావేంటి? తుప్పుపట్టిన పాతగొట్టం కూడా ఇలా ఉండదు."

"లెక్కలో ఒత్తిడి ఎక్కువొచ్చింది. అక్కడికెళ్లి కొలిస్తే తక్కువుంది. గరుకు పెంచితే ఒత్తిడి తగ్గి రెండూ కలిశాయి. అందరూ చేసేదే."

"కలిశాయా, నువ్వు కలిపావా?"

"ఇంట్లో మీ అక్క, ఇక్కడ నువ్వు. కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వవే!"

నాకు నవ్వు రాలేదు. గరుకు మామూలుగా ఉంచి, ఆ గొట్టం మీది వాల్వు మూసి ఉన్నట్టు పెట్టి లెక్క మళ్లీ నడిపించాను. ఒత్తిడి, కొలిచినదానితో అచ్చుగుద్దినట్టు కలిసింది. నీళ్లు మాత్రం దగ్గరి దారి వదిలేసి ఊరంతా చుట్టి ఆ వీధికి చేరుతున్నాయి. క్లోరిన్ దారిలోనే హరించుకుపోతోంది. గొట్టం వేసినవాళ్లు వాల్వు తెరవడం మరిచిపోయినట్టున్నారు. ఆ మరుపు మీద బావ గరుకు కప్పేశాడు.

ఆయన ముఖం పాలిపోయింది. వాల్వు చూడమని మనుషుల్ని పంపాడు. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇద్దరం స్కూటర్ మీద వాళ్లింటికి బయల్దేరాం. నాకు ఆయన్ని తిట్టాలనీ అనిపించింది, ఓదార్చాలనీ అనిపించింది.

అక్క తలుపు తీయగానే బావ వంటింట్లోకి పరుగెత్తి కుళాయి కింద పరీక్ష సీసా పట్టాడు. మందు చుక్క వేశాడు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. రాలేదు. ఇంకో చుక్క వేశాడు. ఇంకోటి కూడా వేశాడు.

"పాపకి ఏ నీళ్లతో పాలు కలుపుతున్నావ్?" బావ అక్క వైపు తిరిగాడు.

అక్క పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నె చూపించింది. "కాచినవే. మొదట్నుంచీ కాస్తూనే ఉన్నా. చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

బావ అక్కడే నేలమీద కూలబడ్డాడు. "బతికించావే" అన్నాడు.

"మరి చుట్టుపక్కల వాళ్లో?" అన్నాను.

అక్క తలొంచుకుంది. "అడిగినవాళ్లందరికీ, మా ఆయన లెక్కేశారు, నిక్షేపంగా తాగండి అని చెప్పా. నేనే కాచుకుంటున్నానంటే ఈయన పరువేం కాను?"

బావ లేచాడు. రంగు రాని సీసా పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి పక్కింటి తలుపు తట్టాడు. లోపల చంటిపిల్లాడు ఏడుస్తున్నాడు.