ఖాళీ ఉంచిన చోటు

తన బొమ్మ చూడటానికి వచ్చినవాళ్ళకి కమలాక్షే కరిపాప్‌లు పంచుతోంది. తెల్లారకముందే లేచి, లోపల కూర పెట్టి వేయించిన కజ్జికాయల్లాంటివి. "నీ ఎగ్జిబిషనే కదా, నువ్వు కాకపోతే ఎవులు సేస్తారు?" అన్నాడు రవిచంద్రన్. మొగుడి మాటలో తప్పేముంది, పాపం.

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో ఓ చిన్న హాలు. శనివారం క్లాసుల్లో ఏడాదిపాటు వేసిన బొమ్మ ఆ గోడకి వేలాడుతోంది. అందులో మనిషీ లేడు, చెట్టూ లేదు. అంతా ముదురెరుపు, కింద ఓ పక్కన మాత్రం అరచేతంత రంగు తగలని తెలుపు. ఎవరికి ఏం కనిపించినా సరే, ఆ తెలుపు దగ్గర ఒక్కరు ఆగితే చాలనుకుంది. రవి ఆగితే ఇంకేం కావాలి.

మూడేళ్ళ కిందట, ఏడో నెలలో పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు. "పేరెట్టొద్దు. పేరెడితే మనసు వదల్దు," అంది అత్త కన్నమ్మ. రవి తలూపాడు. వారం తిరక్కుండానే కమలాక్షి వంటింట్లో ఉంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. దర్షిణి అనుకున్న పేరు ఆమె నోట్లోనే ఉండిపోయింది.

"సాయంకాలం ఏరులాగుంది," అంది యోగేశ్వరి టీచరు.

"తోట తగలబడినట్టుంది లా," అన్నాడు పక్కింటి సీతారాం, ఇక్కడివాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి.

కమలాక్షి ట్రే పట్టుకునే తలెత్తి చూసింది. తెలుపు లేదు.

"అక్కడ నేనే నింపినాను," అన్నాడు రవి, అందరికీ వినబడేలా. "నిన్న తగిలిస్తుంటే సూసినాను. దీపావళికి ఫేక్టరీలో పోటీకి రంగుబియ్యంతో కోలం ముగ్గు ఏయించేది నేనే కదా, నేల అగుపిస్తే మార్కు పోతాది. ఇదేమో సగంలో ఒదిలేసింది లా."

అందరూ నవ్వారు. ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమంది యోగేశ్వరి టీచరు. కమలాక్షి బొమ్మ దగ్గరికెళ్ళి గోరుతో గీకింది. ఎరుపు కాస్త రేగింది గానీ తెలుపు రాలేదు. రంగు ఎప్పుడో ఆరిపోయింది.

ట్రే బల్ల మీద పెట్టేసింది. బొమ్మ కింద 'పేరు లేదు' అని తనే అంటించిన చీటీ ఉంది. పెన్ను తీసి అది కొట్టేసి, 'దర్షిణి' అని రాసింది.

రవి కరిపాప్ నములుతూ వంగి చదివాడు. "దర్షిణి ఎవులు?"

"మనమ్మాయి," అంది కమలాక్షి. "మీరు నింపేసినారే, ఆ సోటులోనే అదుండేది."