ఎటైనా చూడండి

ముప్పై ఏళ్లుగా తెర మీద ఎందరో హీరోలు వదిలిన బాణాలు నిజానికి పోచయ్యవి. ముఖం హీరోది, చేతులు పోచయ్యవి. "మాస్టర్, రేపు పొద్దున ఆరింటికి" అంటూ కృష్ణానగర్‌లో ఆయన గది తలుపు తట్టేవాళ్లు ఒకప్పుడు వారానికి ఇద్దరైనా ఉండేవారు. ఈ ఏడాదికి ఇదే మొదటి పిలుపు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసు. కిటికీల్లేని పెద్ద హాలు, నల్లటి గోడలు, చుట్టూ పైన కెమెరాలు. స్ఫూర్తి అనే టెక్నీషియన్ ఆయనకు ఒంటికి అతుక్కునే నల్ల డ్రెస్సు ఇచ్చి, దాని మీదా, ముంజేతుల మీదా గోలీకాయలంత తెల్ల బంతులు అతికించింది.

"సీరియల్ లైట్లు చుట్టిన చెట్టు లెక్క ఉన్నరు అంకుల్."

"నవ్వు బిడ్డా. నా పెండ్లిల గూడ ఇంత సింగారం చెయ్యలే."

పైఅధికారి సాయిశ్రీనివాస్ వచ్చి ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. "సింపుల్ మాస్టారూ. మీరు లాగి వదలడం కంప్యూటర్‌లో రికార్డవుతుంది. దాన్నే హీరో బొమ్మకి తగిలించేస్తాం. ఎన్ని సినిమాలకైనా సరిపోతుంది. ఇంకెప్పుడూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."

ఆయన మర్యాదగానే అన్నాడు. పోచయ్యకు మాత్రం దిగబోయిన చోట మెట్టు లేనట్టయింది. బాగా వేస్తే ఇక పిలవరు. వెయ్యలేకపోతే ఎలాగూ పిలవరు. మిగిలిందల్లా ఒక్కటే: తన చేతి పని ఈ పెట్టెలోనైనా సరిగ్గా మిగలాలి.

"బాణాలేవి సార్?"

"బాణం తర్వాత మేం పెట్టుకుంటాం." చేతికి ఒక ప్లాస్టిక్ విల్లు ఇచ్చాడు. "ఊరికే లాగి వదిలెయ్యండి."

"ఎటు చూడాలె?"

"ఎటైనా చూడండి."

పోచయ్య లాగాడు. చెయ్యి దవడ దాకా వచ్చి ఆగింది. వేళ్లు విడవలేదు. మళ్లీ లాగాడు. అంతే. పట్టుబట్టి విడిస్తే భుజం అదిరింది, మోచెయ్యి జారింది. పదిహేనుసార్లయ్యాక హాలు పక్కనున్న అద్దాల గదిలోంచి మైకులో సాయిశ్రీనివాస్ గొంతు: "తలుపు గొళ్లెం తీస్తున్నట్టుంది మాస్టారూ! పోనీ, స్టేడియం నుంచి ఎవరైనా కుర్రాణ్ని పిలిపించమంటారా?"

స్ఫూర్తి చాయ్ తెచ్చి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

"అసలు గురి ఎట్ల చూస్తరు అంకుల్? ఒక కన్ను మూస్తరా?"

"గురి చూడ బిడ్డా. అన్నం ముద్ద నోట్లె పెట్టుకునేటప్పుడు నువ్వు గురి చూస్తవా? నోరు యాడున్నదో చెయ్యికి ఎరుక. గిది గూడ గంతే. రెండు కండ్లు తెరిచి ఒక్క చుక్కను చూడాలె. చూపు ఆడ నిలిచినంక చెయ్యి అదే ఇడుస్తది. నేను ఇడువ."

"మరి గీడ ఏమైంది?"

"గీడ నోరే లేదు గద."

స్ఫూర్తి లేచి, నుదుటి మీది ఎర్రబొట్టు బిళ్ల తీసి, ఎదుటి నల్లగోడకు అతికించింది. "దీన్ని చూడున్రి."

ఎవరూ చెయ్యమన్న పని కాదది. పోచయ్య ప్లాస్టిక్ విల్లు పక్కన పెట్టి, వెంట తెచ్చుకున్న గుడ్డ చుట్ట విప్పి, తన వెదురు విల్లు తీశాడు. బాణం లేకుండా తాడు విడవకూడదు. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా తిరిగి వింటి మీదే పడుతుంది. చిన్నప్పుడు ఒకసారి అలా విడిచినందుకు తండ్రి చెంప పగలగొట్టాడు.

"దీనికేమన్నా ఐతదా అంకుల్?" తెల్ల బంతులు దానికి అతికిస్తూ అడిగింది స్ఫూర్తి.

"ఏం గాదు. ఫికర్ జెయ్యకు."

లాగాడు. కెమెరాలు పోయాయి, గోడ పోయింది. ఎర్రచుక్క ఒక్కటే ఉంది. వేళ్లు ఎప్పుడు విడిచాయో ఆయనకు తెలియలేదు. ఫట్‌మని చప్పుడయ్యాక చూసుకుంటే వింటి పైకొమ్మ నిలువునా చీలి, తాడు మోకాలి దాకా వేలాడుతోంది.

"సూపర్ మాస్టారూ! ఇదే కావాలి!" మైకు అరిచింది.

తెర మీద చూపించారు. ముఖం లేని బూడిదరంగు మనిషి. ఆ నిలబడడం, ఆ భుజం, ఆ మోచెయ్యి అన్నీ పోచయ్యవే. లాగి విడిచాడు. మళ్లీ లాగి విడిచాడు. అలుపు లేదు.

"వీనికి కండ్లేవి?"

"ఉండవు అంకుల్. అవసరం లేదు."

సాయిశ్రీనివాస్ హుషారుగా వచ్చి ఒక మీట నొక్కాడు. బూడిద మనిషి కుడి ఎడమలు మారిపోయాయి. "మా హీరోది ఎడమ చేతివాటం. ఒక్క క్లిక్, అంతే!"

పోచయ్య తెరనే చూస్తూ అడిగాడు. "తగిలిందా సార్?"

"ఏంటండీ?"

"బాణం."

"ఓ, అదా!" సాయిశ్రీనివాస్ నవ్వాడు. "ఎవరికి తగలాలో డైరెక్టర్ గారు ఇంకా డిసైడ్ చెయ్యలేదు మాస్టారూ."

పోచయ్య తలూపాడు. చీలిన వింటిని స్ఫూర్తి అప్పటికే గుడ్డలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కుర్చీ మీద పెట్టింది. ముంజేతి వెంట్రుకలు ఊడకుండా, గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో బంతులను ఒక్కొక్కటే వదులు చేస్తోంది. కుడి చెయ్యి అయ్యాక, అడక్కుండానే ఆయన ఎడమ చెయ్యి చాపాడు.